పెద్దోడి తిండి, నా నోరు

“పిల్లికి షుగరా?” అని నవ్విన ప్రతి మనిషీ నాకు గుర్తున్నారు. ఎర్రమంజిల్‌లో మా ఆఫీసులో నా పక్క సీటాయన నవ్వాడు. కింది ఫ్లాటావిడ నవ్వింది. నవ్వి ఊరుకోకుండా, “ఏంటండీ, బీపీ కూడా చూపించారా మరి?” అంది. మెట్రోలో నా ఫోన్‌లోకి తొంగి చూసిన ముక్కూమొహం తెలియని అమ్మాయి కూడా నవ్వింది. నేను ఎవరికీ జోకు చెప్పలేదు. మా పిల్లికి షుగర్ వచ్చింది, మనుషులకు వచ్చే షుగరే. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ సూది వేయాలి, కొలిచి తిండి పెట్టాలి. ఇందులో పళ్లికిలించడానికి ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాకు కోపం ఎక్కువ. ఎవరో చెప్పేలోపు నేనే చెప్పేస్తే ఒక గొడవ వదిలిపోతుంది. ఆఫీసులో నా ఫైళ్ల మీద టీ గ్లాసు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. అమీర్‌పేట మెట్రో మెట్ల కింద ఆటోవాళ్లు నన్ను చూస్తే అడక్కుండానే మీటర్ వేస్తారు. ఇదంతా గొప్ప అనుకునేదాన్ని. నాకు నోరుంది కాబట్టే ఇల్లు ఒక పద్ధతిలో నడుస్తోందని, లేకపోతే ఎవరికి తోచినట్టు వాళ్లు చేసి నా నెత్తిన పెడతారని నా నమ్మకం.

ఇల్లంటే పెద్ద సంసారమేమీ కాదు. మధురానగర్‌లో రెండో అంతస్తు, రెండు గదుల ఫ్లాటు. అందులో నేను, మా బాపు, నాలుగు పిల్లులు. పెళ్లి సంగతి అడక్కండి, అది వేరే కోపం. బాపు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయనకూ ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది, తన ఇన్సులిన్ తనే వేసుకుంటాడు.

పిల్లుల్లో మొదట వచ్చినవాడు పెద్దోడు. అమ్మ పోయిన నెలలో, వానలో తడిసి మెట్ల కింద అరుస్తుంటే బాపు కండువాలో చుట్టి తెచ్చాడు. అప్పటికి పదిహేను రోజులుగా బాపు నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఆ సాయంత్రం నేను వంటింట్లో అన్నం వారుస్తుంటే హాల్లోంచి ఆయన గొంతు వినపడింది. “ఏందిరా, గంత సలి వెడ్తుందా?” అంటున్నాడు. తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ వాడితో మాట్లాడినంత నాతో మాట్లాడడు. అందుకే పెద్దోడికి షుగర్ అని తెలిసినప్పుడు నాకు వాడి గురించి కంటే బాపు గురించే ఎక్కువ భయం వేసింది. వీడు పోతే ఈ మనిషి మళ్లీ నోరు మూసుకుంటాడు. వీణ్ని బతికించుకోవాలి, అంతే. మిగతాదంతా ఆ ఒక్క సంగతి కోసం నేను చేసిన రచ్చ.

మొదలు నీళ్లతో అయింది. పెద్దోడు గిన్నెడు నీళ్లు తాగి, చాలక బాత్రూంలో బకెట్ అంచు మీద కాళ్లు పెట్టి తాగేవాడు. ఇసుక పెట్టె పూటకోసారి ముద్దయ్యేది. తింటూనే ఉన్నాడు, చిక్కిపోతూనే ఉన్నాడు. వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి ఈడ్చుకుంటూ నడవడం మొదలుపెట్టాక పంజాగుట్టలో ఒక సందులో ఉన్న పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. రక్తం చూసి షుగర్ అంది. ఇంటికొచ్చి చెబితే బాపు వాడి వీపు నిమురుతూ, “నాది నీకు సుత అంటెనారా” అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను అరుస్తాను. “షుగర్ అంటుకుంటదా బాపూ, ఏం మాటలవి?” అని గయ్యిమన్నాను.

డాక్టరమ్మాయి వయసులో చిన్నదే కానీ విడమరిచి చెప్పింది. పొద్దున ఆరున్నరకు, సాయంత్రం ఆరున్నరకు తిండి. తిన్నాక సూది. ఉడికించిన చికెన్ తూకం వేసి పెట్టాలి. అన్నం, పాలు, పెరుగు, బిస్కెట్లు ఏవీ వద్దు, మధ్యలో అసలేమీ వద్దు. రోజూ చెవి అంచున గుచ్చి చుక్క రక్తం మీటర్‌లో చూడాలి. “తిండిని బట్టే సూది మేడమ్. తిండి మారితే నాకు వెంటనే చెప్పాలి” అని రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లు తలూపాను.

ఒక్క పిల్లి ఉన్న ఇంట్లో ఇదంతా తేలికే. నాలుగున్న ఇంట్లో చేసి చూడండి, తెలుస్తుంది. మా హాల్లో మూల ఒక వెడల్పాటి పళ్లెం ఉండేది. పొద్దున గింజల తిండి పోస్తే ఎవరికి ఆకలైనప్పుడు వాళ్లు వచ్చి తినిపోయేవారు. ఆ పళ్లెం తీసేశాను. ఆ రోజు నుంచి నా తల ప్రాణం తోకకొచ్చింది. నల్లది తన వాటా నాలుగు బుక్కల్లో మింగి పక్కవాళ్ల గిన్నె మీద పడే రకం. దాన్ని బాత్రూంలో పెట్టి తలుపేయాలి. చారలది రెండు ముద్దలు తిని, ఇల్లంతా పెత్తనానికి తిరిగొచ్చి, మళ్లీ రెండు ముద్దలు తింటుంది. దాన్ని పడకగదిలో పెట్టాలి. బుడ్డదానికి మనిషి పక్కన కూర్చుంటే తప్ప గొంతు దిగదు, దాన్ని వంటింటి గట్టు మీద కూర్చోబెట్టాలి. పెద్దోడికి బాల్కనీ. ఇరవై నిమిషాలయ్యాక గిన్నెలన్నీ తీసి కడిగేదాకా ఒక్క తలుపు తెరవకూడదు. ఆ ఇరవై నిమిషాలూ నల్లది బాత్రూం తలుపు గీకుతూ రాగాలు తీసేది. “నిన్నేమన్న కోసుకు తింటున్ననా?” అని నేను బయటినుంచి అరిచేదాన్ని. కింది ఫ్లాటావిడ ఒకసారి పైకొచ్చి, “ఏంటండీ, పొద్దున్నే ఎవరితోనండీ గొడవ?” అని అడిగింది. పిల్లితో అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి దిగిపోయింది.

ఇంత చేస్తే షుగర్ దిగాలా వద్దా? దిగలేదు. చెవి గుచ్చి చూస్తే మూడు వందల ఎనభై. మర్నాడు నాలుగు వందల పది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మీటర్ పాడైందని దుకాణం వాడితో తగువు పెట్టుకున్నాను. ఇన్సులిన్ ఎండలో పెట్టి అమ్మారని మందుల షాపు వాడిని కడిగేశాను. చికెన్ కొట్టువాణ్ని కూడా వదల్లేదు. కోళ్లకు ఏం మేపుతున్నావని అడిగితే వాడు కత్తి పక్కన పెట్టి, “అక్కా, నాకేమెర్క? నేను కోసుడే” అన్నాడు.

డాక్టరమ్మాయి ఒక యూనిట్‌తో మొదలుపెట్టి రెండు చేసింది. రెండు మూడయింది. నాలుగు చేసే ముందు పెన్ను ఆపి అడిగింది. “మేడమ్, ఇంట్లో ఇంకెవరైనా ఏమైనా పెడుతున్నారా? కొద్దిగానైనా?”

నాకు ఒళ్లు మండింది. ఆరున్నరకు తిండి పెట్టడానికి నేను సాయంత్రం ఆఫీసు నుంచి పరిగెత్తుకొస్తున్నాను, చుట్టాల ఇళ్లకు పోవడం మానేశాను, నన్ను పట్టుకుని ఈ ప్రశ్నా? “మా ఇంట్లో నా మాట దాటి ఒక్క మెతుకు కూడా కదలదమ్మా” అన్నాను. ఎంత గర్వంగా అన్నానో. ఆ పిల్ల నా మొహం చూసి, సరే మేడమ్ అని నాలుగు అని రాసింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం పెద్దోణ్ని ఒళ్లో పెట్టుకుని చెవి గుచ్చబోతుంటే వాడి మీసానికి అంటుకున్న మెతుకు కనబడింది. ఎండిన అన్నం మెతుకు. వాసన చూశాను. పెరుగు. నా కళ్ల ముందు అంతా ఒక్కసారిగా తేటపడింది. మా బాల్కనీకి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో లేడీస్ హాస్టల్ వంటింటి కిటికీ ఉంది. అమీర్‌పేటలో కోర్సులు చేసే పిల్లలు ఉంటారందులో. వాళ్లు ఆమ్లెట్ ముక్కలూ మిగిలిన ఉప్మా మా సజ్జ మీదకు విసరడం నేను ఎన్నోసార్లు చూశాను. ఒకమ్మాయి పళ్లెం పట్టుకుని “పుస్ పుస్” అని పిలవడం కూడా చూశాను. ఇంకేం కావాలి? బాల్కనీకి వల కట్టించాను నిజమే, కానీ వలలోంచి మెతుకు దూరదా?

“వీడికి బయట ఎవరో పెడుతున్నరు బాపూ” అన్నాను. బాపు పేపర్‌లోంచి తల ఎత్తలేదు. “ఎవరు వెడ్తరు” అన్నాడు మెల్లగా. “ఇంకెవరు, ఆ హాస్టల్ పోరిలు. రేపు ఆదివారం గద, వాళ్ల సంగతి చూస్త” అన్నాను. బాపు పేజీ తిప్పాడు.

ఆదివారం పొద్దున పదింటికి హాస్టల్ గేటు ముందు నిలబడ్డాను. తలలు ఆరబెట్టుకుంటున్న పిల్లలు, బట్టలు పిండుకుంటున్న పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మా పిల్లికి అన్నం పెట్టిందెవరో బయటకు రమ్మన్నాను. హాస్టల్ నడిపే ఆవిడ గుంటూరు వైపు మనిషి, నాకేమీ తీసిపోదు. “ఏంటండీ మీరు? పిల్లి కోసం మా పిల్లల మీద పడతారేంటి?” అంటూ కొంగు బిగించి వచ్చింది. “మీ పిల్లలు నా పిల్లిని చంపుతున్నారు కాబట్టి పడతాను” అన్నాను. ఆ తర్వాత ఏమేమి అన్నానో అన్నీ రాయలేను. కన్నవాళ్లు మిమ్మల్ని ఇక్కడికి పంపింది ఇందుకేనా అన్నాను. బుద్ధీ జ్ఞానం ఉందా అన్నాను. ఆ “పుస్ పుస్” పిల్ల ముందుకొచ్చి, “ఆంటీ, నేను ఎగ్ వేశాను, కానీ అది చాలా రోజుల కింద. వల కట్టాక ఏమీ వేయలేదాంటీ, ఒట్టు” అంది. “ఒట్లు పెట్టకు నా ముందర” అని ఒక్క అరుపు అరిచాను. ఆ పిల్ల అక్కడే ఏడ్చేసింది. ఇరవై ఏళ్లుంటాయేమో. నేను తలెత్తి చూస్తే మా బాల్కనీలో బాపు వల పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను చూడగానే లోపలికి వెళ్లిపోయాడు.

సోమవారం చెవి గుచ్చితే మూడు వందలు. బుధవారం రెండు వందల నలభై. శుక్రవారం సాయంత్రానికి నూట డెబ్బై. నా ఆనందం చెప్పనలవి కాదు. “సూస్తివా బాపూ? నోరు వెట్టుకుంటేనే పనైతది” అని ఇల్లంతా తిరిగాను. తిండి మారితే వెంటనే చెప్పమన్న డాక్టరుకు నేను ఫోన్ చేయలేదు. తిండి మారిందని నేను అనుకోలేదు కదా, పాడు తిండి ఆగిందనుకున్నాను. మంచి జరిగితే డాక్టరుకు ఎందుకు చెప్పాలి? నాలుగు యూనిట్ల సూది అలాగే వేస్తూ పోయాను. ఆ వారం బాపు అన్నం సగంలో వదిలి లేచిపోవడం చూశాను. కూర బాగాలేదేమో అనుకున్నాను.

ఆ మర్నాడు రెండో శనివారం, ఆఫీసు సెలవు. మధ్యాహ్నం ఒంటిగంటకు బాపు ఎప్పటిలాగే హాల్లో పేపర్ పరుచుకుని కింద కూర్చుని తింటున్నాడు. మామూలు రోజుల్లో ఆ వేళకు నేను ఇంట్లో ఉండను. పెద్దోడు వచ్చి బాపు మోకాలికి ఆనుకుని కూర్చున్నాడు. పళ్లెం వైపు చూశాడు, బాపు మొహం వైపు చూశాడు. ఒక పాదం ఎత్తి ఆయన తొడ మీద పెట్టాడు. బాపు ఎడమచెయ్యి పళ్లేనికి అడ్డం పెట్టుకుని, తల వంచుకుని గబగబా తింటున్నాడు. నాకు వింతగా అనిపించింది, కానీ ఇంకేమీ తట్టలేదు.

పెద్దోడు కాసేపు చూసి లేచాడు. నాలుగడుగులు వేశాడో లేదో తాగినవాడిలా పక్కకు తూలాడు. గోడకు తగిలాడు. మళ్లీ లేవబోయి పడి, కాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. నోట్లోంచి చొంగ. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ దేన్నీ చూడట్లేదు. నేను వాడి మీద పడి పేరు పెట్టి పిలుస్తూ కేకలు పెట్టాను. చారలది మంచం కిందకు దూరింది. ఇలాంటప్పుడు ఏం చేయాలో డాక్టరు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీదే అంటించి ఉంది. నాకు ఒక్క ముక్క గుర్తు రాలేదు.

“ఒర్రకు బిడ్డా. జర జరుగు” అన్నాడు బాపు. ఎంగిలి చేత్తోనే లేచి తన దిండు కింద ఉండే గ్లూకోజ్ పొడి ప్యాకెట్ తెచ్చాడు. చెయ్యి కడుక్కుని, నీళ్లు నాలుగు చుక్కలు కలిపి, వేలితో వాడి చిగుళ్లకు రాశాడు. మళ్లీ అద్ది మళ్లీ రాశాడు. “షుగర్ లో అయింది. నాకైనట్లనే అయింది. నాకు సుత గిట్లనే కండ్లకు సీకట్లొస్తయి” అంటున్నాడు నాతోనో వాడితోనో. కాసేపటికి కాళ్లు కొట్టుకోవడం ఆగింది. వాణ్ని తువ్వాలులో చుట్టుకుని కిందికి పరిగెత్తాను. చెప్పులు కూడా లేవు. బాపు నా వెనకే వచ్చాడు.

మధురానగర్ నుంచి పంజాగుట్ట ఎంత దూరమని! శనివారం మధ్యాహ్నం అమీర్‌పేట చౌరస్తాలో ఆ దూరం ఒక జన్మంత ఉంది. పుస్తకాలూ జిరాక్సు కట్టలూ పట్టుకుని రోడ్డు దాటే పిల్లలు, అడ్డదిడ్డంగా ఆగే బస్సులు. నేను ఆటోలోంచి తల బయటపెట్టి అందరినీ తిట్టాను. ఆటో అతను, “అమ్మా, మీరు ఒర్లితే గీ సిగ్నల్ పడదు. ఫికర్ జెయ్యకుర్రి, తీస్కపోత” అన్నాడు. బాపు దారి పొడుగునా వాడి నోట్లో పొడి రాస్తూనే ఉన్నాడు.

క్లినిక్‌లో వాడి కాలికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు. రక్తం చూస్తే షుగర్ ముప్పై కూడా లేదు. అరగంట తర్వాత డాక్టరమ్మాయి బయటకు వచ్చింది. “ఇంకొంచెం ఆలస్యమైతే పోయేవాడు మేడమ్. చిగుళ్లకు గ్లూకోజ్ ఎవరు రాశారు?” అని అడిగింది. బాపు రాశాడని చెప్పాను. “ఇంత డోసుకు ఇంత దిగకూడదు. తిండి ఏమైనా తగ్గిందా?”

లేదు అనబోయాను. నాకంటే ముందు బాపు అన్నాడు. “తగ్గింది బిడ్డా.”

క్లినిక్ వరండాలో బెంచీల నిండా జనం, కుక్కలు. బాపు ఆ పిల్లనే చూస్తూ చెప్పాడు, నా వైపు తిరగలేదు. “నేనే వెడ్తుంటి. పగటీలి అన్నం తినేటప్పుడు రెండు ముద్దలు. పెరుగన్నం. నాలుగ్గొట్టంగ చాయల బిస్కెట్ అద్ది జర. అది మోకాలి కాడ కూసుండి సూస్తుంటె నేనొక్కన్ని ఎట్ల తినాలె? సూది ఏసుకున్నంక తినకుంటె పానం గుంజుతది, నాకెర్కనే గద. దానికి సుత గుంజుతదని వెట్టిన. మొన్న ఐతారం సంది బంద్ జేసిన.”

డాక్టరమ్మాయి నా వైపు చూసింది. వాడు దొంగచాటుగా తింటున్న తిండికి సరిపడా నాలుగు యూనిట్లు రాయించింది నేను, నా ఇంట్లో మెతుకు కదలదని చెప్పి. ఆ తిండిని భయపెట్టి ఆపించింది నేను, హాస్టల్ గేటు ముందు నిలబడి. ఇదంతా నాకు అక్కడే, ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థమైతే మనిషి ఏం చేయాలి? తల దించుకోవాలి. నేను బాపు మీద విరుచుకుపడ్డాను.

“ఎన్ని నెలల సంది వెడ్తున్నవ్? నేను ఊరందరితోటి కొట్లాడుతుంటె సూస్కుంట కూసున్నవా? ఆ పోరి ఏడుస్తుంటె బాల్కనీల నిలవడ్డవ్ గద, ఒక్క మాట జెప్తె నీ సొమ్మేం పాయె? ఎందుకు జెప్పలే నాకు?”

ఒక లాబ్రడార్ గుర్రుమనబోయి ఆగింది. బాపు చేతిలో గ్లూకోజ్ ప్యాకెట్ ఇంకా అలాగే ఉంది. దాని మూతిని మడతపెడుతూ అన్నాడు.

“చెప్తె ఒర్రుతవని.”

అంతే. ఎవరూ నవ్వలేదు. పిల్లికి షుగర్ అంటే నవ్విన ఊరు ఇది, ఈ మాటకు ఒక్కరైనా నవ్వి ఉంటే బాగుండేది. ఎదురు బెంచీ మీద కుందేలును ఒళ్లో పెట్టుకున్న ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది.

పెద్దోడు బతికాడు. మర్నాడు సాయంత్రం ఇంటికి తెచ్చుకున్నాం. డోసు మళ్లీ ఒక యూనిట్‌కు వచ్చింది. డాక్టరమ్మాయి బాపును దగ్గర కూర్చోబెట్టుకుని, “తాతగారూ, మధ్యాహ్నం మీ ముద్ద మానొద్దు. అన్నం బదులు రెండు చికెన్ ముక్కలు పెట్టండి, నేను లెక్కలో వేసుకుంటాను” అంది. ఎంత తేలిక. మొదటి రోజే నాకు చెప్పి ఉంటే నేను ఇదే మాట అనేదాన్నా? అనేదాన్ని కాదు. ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని.

హాస్టల్‌కు వెళ్లాను. ఆ “పుస్ పుస్” పిల్లను పిలిపించి, తప్పు నాదేనని చెప్పాను. నా జీవితంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో వేళ్ల మీద చెప్పొచ్చు. పళ్లబిగువున అన్నాను. ఆ పిల్ల, “పర్లేదాంటీ. ఇప్పుడెలా ఉన్నాడు?” అని అడిగింది. నాకు ఇంకా కోపమొచ్చింది. నాలుగు తిట్టి పంపిస్తే నా బరువు దిగేది కదా. ఈ పిల్లలు కోపం కూడా సరిగ్గా పడరు.

సోమవారం పొద్దున మామూలుగానే తెల్లారింది. నల్లది బాత్రూంలో, చారలది పడకగదిలో, బుడ్డది గట్టు మీద. పెద్దోడి చెవి గుచ్చి చూశాను, రెండు వందల ఇరవై. పర్లేదు. వంటింట్లో టిఫిన్ డబ్బా కడుతుంటే హాల్లోంచి బాపు రోజూ చెప్పే మాటే చెప్పాడు.

“నూట ముప్పై, బిడ్డా.”

అది ఆయన షుగర్. పొద్దున్నే వేలు గుచ్చుకుని చూసుకుని నాకు వినపడేలా చెబుతాడు. నేను “మంచిది” అంటాను. ఏళ్లుగా ఇంతే. నూట ముప్పై, నూట ఇరవై ఐదు, ఎప్పుడైనా నూట నలభై. ఒకప్పుడు, చాలా ఏళ్ల కింద, రెండు వందల అరవై అని చెప్పాడు. అప్పుడు నేను బిస్కెట్ డబ్బా తీసుకెళ్లి చెత్తబుట్టలో పారేసి, రెండు రోజులు ఇల్లు దద్దరిల్లేలా అరిచి, చుట్టాలందరికీ ఫోన్లు చేసి ఆయన పరువు తీశాను. ఆ తర్వాత నూట నలభై దాటింది లేదు. పిల్లి చెవి రోజుకు రెండుసార్లు గుచ్చి చూసేదాన్ని, మా బాపు మీటర్ ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడలేదు.

డబ్బా అక్కడే వదిలేసి హాల్లోకి వెళ్లాను. మీటర్ మూత వేసి ఉంది. “బాపూ, ఒకసారి నా ముందట సూడు” అన్నాను.

“ఇప్పుడే సూస్కుంటి గద.”

“మల్లొకసారి.”

ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టాడు. ఇక తప్పదనుకున్నట్టు చెయ్యి చాపాడు. జీవితమంతా ఇంజన్లు విప్పిన చెయ్యి, వేళ్ల చివర్లు నల్లగా గట్టిపడి ఉన్నాయి. మధ్య వేలు గుచ్చాను. చుక్క రాలేదు, ఒత్తాల్సి వచ్చింది. మీటర్ కాసేపు ఆలోచించి అంకె చూపించింది. మూడు వందల డెబ్బై రెండు.

నేను తలెత్తాను. ఇంకా ఒక్క మాట అనలేదు. అయినా బాపు అప్పటికే భుజాలు దగ్గరికి ముడుచుకుని, రెండు కళ్లూ గట్టిగా మూసుకుని కూర్చున్నాడు.